మీండ్‌కు చోటెంత? సితార్ ఫ్యూజన్‌పై ఒక సమీక్ష

1965లో లండన్‌లో యార్డ్‌బర్డ్స్ అనే రాక్ బృందం ‘హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్’ పాట రికార్డు చేస్తూ సితార్ వాద్యకారుణ్ణి పిలిపించుకుంది. ఆ నాదం తమ పాటకు మరీ పలచగా ఉందనిపించి, గిటారిస్టు జెఫ్ బెక్ అదే వరసను, నాదాన్ని గరుకుగా మార్చే ఫజ్ పెట్టిన గిటార్ మీద వాయించాడు. బయటికొచ్చింది గిటార్ పాటే. జనానికి బాగా నచ్చింది కూడా. అదే ఏడాది డిసెంబరులో బీటిల్స్ ‘నార్వీజియన్ వుడ్’ వచ్చింది. అందులో జార్జి హారిసన్ వాయించిన సితార్‌ను అలాగే ఉంచారు. ఫ్యూజన్ చరిత్ర రాసేవాళ్లు మామూలుగా ఈ రెండో పాటతో మొదలుపెడతారు. అసలు సంగతి తేల్చేది మాత్రం మొదటి పాటే. సితార్ తీసి గిటార్ పెట్టినా పాటకు ఏ లోటూ రాలేదంటే, ఆ పాటకు కావలసింది సితార్ రంగు మాత్రమే, సితార్ సంగీతం కాదు.

సితార్‌ను రాక్, జాజ్, సింఫనీ, ఎలక్ట్రానిక్, ఫ్లమెంకో సంగీతాలతో కలిపే ప్రయత్నాలకు ఇప్పుడు అరవై ఏళ్లు దాటాయి. వీటిని ‘సంప్రదాయానికి ద్రోహం’ అనేవాళ్లు ఒకవైపు, ‘ఎల్లలు లేని సంగీతం’ అనేవాళ్లు మరోవైపు నిలబడి వాదించుకుంటూనే ఉన్నారు. ఈ రెండు మాటలతోనూ ఏ రికార్డు బాగుందో, ఎందుకు బాగుందో తేలదు. ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. సితార్‌కు ప్రాణమైన మీండ్‌కు, అంటే తీగను లాగి స్వరం నుంచి స్వరానికి జారే కదలికకు, ఆ కలయికలో చోటు దొరికిందా? ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే అరవై ఏళ్ల చరిత్ర కొంచెం వేరుగా కనిపిస్తుంది.

వాద్యం అడిగేదేమిటి

సితార్‌కు ఆరో ఏడో పై తీగలు, వాటి కింద పదకొండు నుంచి పదమూడు దాకా తరఫ్ తీగలు ఉంటాయి. పై తీగ మీద ఒక స్వరం పలికితే, ఆ స్వరానికి శ్రుతి చేసిన కింది తీగ ఎవరూ ముట్టుకోకుండానే మోగుతుంది. తీగలు ఆనే వెడల్పాటి గుర్రాన్ని సన్నని వంపు వచ్చేలా అరగదీస్తారు. ఆ పనినే జవారీ అంటారు. సితార్ అనగానే మన చెవికి తగిలే ఆ జుమ్మనే నాదం అక్కడి నుంచి పుడుతుంది. మెట్లు విల్లులా వంగి, దండికి దారాలతో కట్టి ఉంటాయి. రాగాన్ని బట్టి వాటిని జరుపుకోవచ్చు. వాటి ఎత్తు, వంపు వల్ల ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి నాలుగైదు స్వరాల దాకా జారించవచ్చు. ఈ జారుడే మీండ్. వీణ విని పెరిగిన చెవికి ఇది గమకానికి దగ్గరి చుట్టం.

ఈ నిర్మాణం నుంచి మూడు షరతులు పుడతాయి. మొదటిది, షడ్జమం కదలకూడదు. రాగంలోని ప్రతి స్వరానికీ ఆ సా తో ఉన్న బంధం వల్లే అర్థం. రెండోది, ఒక స్వరానికీ మరో స్వరానికీ నడుమ దారి ఖాళీగా ఉండాలి. మూడోది, తీరిక కావాలి. ఆలాప్, జోడ్, ఝాలా, ఆ తర్వాత తబలాతో గత్ అని మెల్లగా విచ్చుకునే కచేరీ అది. తొలి అరగంటలో లయవాద్యమే ఉండకపోవచ్చు.

పాశ్చాత్య సంగీతంలో ఎక్కువ భాగం నిలబడింది కార్డుల మీద, అంటే ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుత్తుల మీద. కింద కార్డు మారినప్పుడల్లా పైనున్న స్వరం అర్థం మారిపోతుంది. యమన్‌లో గాంధారం మీద నిలిచామనుకుందాం. కింద కార్డు మారగానే, అదే గాంధారం ఇందాకటి సా కు గాంధారంలా కాక ఇంకో స్వరానికి పంచమంలా వినిపిస్తుంది. రాగం అక్కడితో ఆగిపోతుంది. శ్రుతి సంగతి మరొకటి. పియానోలో అష్టకాన్ని పన్నెండు సమభాగాలు చేస్తారు, ఒక్కొక్కటి 100 సెంట్లు. తంబురాలో సహజంగా పలికే అంతర గాంధారం సా నుంచి 386 సెంట్ల దూరంలో ఉంటే, పియానో గాంధారం 400 దగ్గర ఉంటుంది. ఈ 14 సెంట్ల తేడా పరుగెత్తే స్వరాల్లో తెలియదు. నిలబెట్టి పలికించే చోట మాత్రం చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది.

కాబట్టి సితార్‌తో ఏ కలయిక అయినా ఒక బేరమే. ఎవరు ఏది వదులుకున్నారన్నది చూస్తే చాలావరకు ఫలితం ముందే చెప్పవచ్చు.

లండన్‌కు ముందే

కలపడం అనే ఆలోచన పడమర నుంచి వచ్చిందనుకుంటే పొరపాటు. సితార్ 18వ శతాబ్దంలో ఢిల్లీలో పర్షియన్ తీగవాద్యాల సాంగత్యంలో రూపుకట్టింది. సితార్ విద్వాంసుడు రవిశంకర్ గురువు అల్లావుద్దీన్ ఖాన్ మైహర్ సంస్థానంలో అనాథ పిల్లలను చేరదీసి, మన వాద్యాల పక్కన వయొలిన్, సెల్లో వంటివి పెట్టి ఒక బ్యాండు నడిపాడు. తుపాకీ గొట్టాలను కోసి నల్‌తరంగ్ అనే వాద్యం చేయించిందీ ఆయనే. రవిశంకర్ బాల్యంలో కొంత భాగం, కౌమారం అన్నగారు ఉదయశంకర్ నృత్యబృందంతో ప్యారిస్‌లో, యూరప్ రంగస్థలాల మీద గడిచాయి. అంటే 1960ల నాటికి ఆయనకు పడమటి చెవి ఎలా వింటుందో తెలుసు, గురుకులంలో చేసిన కఠిన సాధనా ఉంది. తర్వాత వచ్చిన చాలామందికి ఈ రెంటిలో ఏదో ఒకటే ఉంది.

మన వైపు శ్రోతలు తరచుగా మరిచిపోయే మేళవింపు ఇంకొకటుంది. ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో వాద్యబృందాన్ని తీర్చిదిద్దిన కాలంలో రవిశంకర్ కర్ణాటక విద్వాంసులతో కలిసి పనిచేశాడు. కీరవాణి, చారుకేశి, వాచస్పతి వంటి మన రాగాలను ఉత్తరాదిలో ప్రచారంలోకి తెచ్చిన వారిలో ఆయన ముఖ్యుడు. ఒకే ముక్కను మూడుసార్లు తిప్పి ముగించే తిహాయిల్లో, లయ లెక్కల్లో దక్షిణాది పద్ధతిని ఇష్టంగా తీసుకున్నాడు. ఆ వాద్యబృందాన్ని తర్వాతి కాలంలో నడిపిన వాళ్లలో ద్రాక్షారామం నుంచి వెళ్లిన మన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఉన్నాడు. ఉత్తర దక్షిణాల మధ్య జరిగిన ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఎవరూ ఫ్యూజన్ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు. రెండు చోట్లా షడ్జమం కదలదు, రెండు చోట్లా స్వరాల నడుమ దారి ముఖ్యం. షరతులు ఒకటే అయినప్పుడు బేరం తేలిక.

రాక్ తెచ్చిన వెలుగు, వేడి

1965 నుంచి 1971 దాకా ఆరేళ్లు సితార్‌కు దక్కినంత ప్రచారం మరే భారతీయ వాద్యానికీ దక్కలేదు. ‘నార్వీజియన్ వుడ్’లో సితార్ చేసిన పని గిటార్ వరసను అనుసరించడమే. 1966లో రోలింగ్ స్టోన్స్ ‘పెయింట్ ఇట్ బ్లాక్’లో బ్రయన్ జోన్స్ వాయించిందీ అంతే. అక్కడ సితార్ కూరలో కరివేపాకు. అందులో తప్పేమీ లేదు, ‘పెయింట్ ఇట్ బ్లాక్’ మంచి రాక్ పాట. దాన్ని రెండు సంప్రదాయాల కలయిక అని పిలవడమే అతిశయోక్తి.

హారిసన్ అక్కడ ఆగకపోవడం వల్ల కథ మలుపు తిరిగింది. 1966లో రవిశంకర్ దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాడు. 1967లో ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌లో వచ్చిన ‘వితిన్ యూ వితౌట్ యూ’ పాటలో తంబురా మోగుతూ ఉంటుంది, కార్డులు దాదాపు లేవు. విల్లుతో వాయించే దిల్‌రుబా గొంతును అనుసరిస్తుంది, నడుమ తాళం మారుతుంది. ఇక్కడ రాక్ పక్కకు జరిగి చోటిచ్చింది. గిటార్‌తో ఈ పాటను మళ్లీ కట్టలేం. ఇందులో వాయించిన లండన్ భారతీయ కళాకారుల పేర్లు మాత్రం ఆల్బమ్ అట్ట మీద లేవు. వాళ్లెవరో లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఫ్యూజన్ లెక్కల్లో రాసుకోవలసిన బాకీల్లో ఇదొకటి. కొన్నేళ్లకు, తాను ఎప్పటికీ మంచి సితార్ విద్వాంసుణ్ణి కాలేనని గ్రహించి హారిసన్ గిటార్‌కే తిరిగి వెళ్లాడు. రవిశంకర్ సంగీతానికి నిర్మాతగా, మిత్రుడిగా మాత్రం చివరిదాకా నిలబడ్డాడు. ఆ నిజాయితీ ఆ కాలపు వ్యామోహంలో అరుదు.

రవిశంకర్ కూడా ఆ వేడిలో పడిపోలేదు. 1967 జూన్‌లో మాంటెరీ పాప్ ఉత్సవంలో రాక్ బృందాల నడుమ కాకుండా తనకు విడిగా ఒక మధ్యాహ్నం కావాలని అడిగి, పూర్తి కచేరీ చేశాడు. అంటే తీరిక అనే షరతును ఆయన వదులుకోలేదు. అదే ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ గిటార్‌కు నిప్పు పెట్టడం, శ్రోతల మత్తు ఆయన్ను నొప్పించాయి. 1969లో వుడ్‌స్టాక్‌లో వానలో వాయించాక అలాంటి సభల నుంచి క్రమంగా తప్పుకున్నాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఆయన, హారిసన్ కలిసి ఏర్పాటు చేసిన కచేరీలో, సితార్, సరోద్ శ్రుతి చేసుకోవడం ముగియగానే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందని ఆయన చమత్కరించాడు. నవ్వు తెప్పించే సంఘటనే. రాక్ తరం సితార్‌ను ఎంతవరకు విన్నదో కూడా అందులోనే ఉంది.

జాజ్ ఎందుకు ఎక్కువ దూరం వెళ్లింది

రాక్ కన్నా ముందే జాజ్ ఈ తలుపు తట్టింది. 1962లో వచ్చిన ‘ఇంప్రొవైజేషన్స్’ రికార్డులో రవిశంకర్‌తో వేణువు మీద బడ్ షాంక్, బాస్ మీద గ్యారీ పీకాక్ కలిశారు. 1964లో లాస్ ఏంజెలెస్‌లో ట్రంపెట్ వాద్యకారుడు డాన్ ఎల్లిస్, రవిశంకర్ శిష్యుడు హరిహర్ రావు కలిసి హిందుస్థానీ జాజ్ సెక్స్‌టెట్ నడిపారు. బేసి లెక్కల తాళాల మీద ఎల్లిస్ మోజు అక్కడ ముదిరింది. లండన్‌లో కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్, జమైకా నుంచి వచ్చిన సాక్సోఫోన్ విద్వాంసుడు జో హ్యారియట్ కలిసి 1966లో ‘ఇండో-జాజ్ సూట్’ తెచ్చారు. అందులో సితార్ దివాన్ మోతీహార్‌ది.

జాజ్‌కు ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. అప్పటికే అది తనంతట తాను కార్డుల గుంపు నుంచి బయటపడుతూ ఉంది. 1959లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’తో ఒకే స్వరక్రమం మీద చాలాసేపు నిలిచి అల్లుకునే మోడల్ పద్ధతి నిలదొక్కుకుంది. జాన్ కోల్ట్రేన్ 1961లో ‘ఇండియా’ అనే అంశాన్ని దాదాపు ఒకే ఆధారస్వరం మీద నడిపాడు. రవిశంకర్ మీద గౌరవంతో 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. కోల్ట్రేన్ బృందంలో సితార్ లేదు. అయినా సితార్ అడిగే షరతుల్లో మొదటిదాన్ని ఆయన ఒప్పుకున్నాడు. ఇంకో దగ్గరితనం మనోధర్మం. వేదిక మీద అప్పటికప్పుడు అల్లడం రెండు సంగీతాలకూ ఊపిరి. రాసిన కాగితం చూడకపోతే వాయించలేని వాళ్లతో సితార్ విద్వాంసుడికి సంభాషణ కుదరదు. జాజ్ వాళ్లతో కుదిరింది.

ఈ దారిలో ఎక్కువ కాలం నిలిచి పనిచేసినవాడు కాలిన్ వాల్కాట్. రవిశంకర్ దగ్గర నేర్చుకుని, ఆరెగాన్ బృందంలో 1984లో చనిపోయేదాకా సితార్‌నూ తబలానూ గిటార్, ఓబో, బాస్‌ల మధ్య పెట్టాడు. ఆ బృందంలో సితార్ ప్రతి పాటలోనూ ఉండదు. తనకు పనిలేని చోట మాట్లాడకుండా ఊరుకోవడం దానికి తెలుసు. ఫ్యూజన్‌లో ఈ సంయమనం అరుదైన గుణం.

ఆర్కెస్ట్రా ముందు

వయొలిన్ విద్వాంసుడు యహూదీ మెనూహిన్‌తో రవిశంకర్ చేసిన ‘వెస్ట్ మీట్స్ ఈస్ట్’ పడమటి శాస్త్రీయ సంగీత లోకానికి సితార్‌ను గౌరవంగా పరిచయం చేసింది. 1968లో ఆ రికార్డుకు ఛాంబర్ సంగీత విభాగంలో గ్రామీ వచ్చింది. భారతీయ సంగీతకారుడికి దక్కిన తొలి గ్రామీ అదే. మెనూహిన్ మనోధర్మం జోలికి పోకుండా రవిశంకర్ కూర్చి ఇచ్చిన భాగాలను సాధన చేసి వాయించాడు. తన హద్దు తనకు తెలియడం వల్ల అది మర్యాదగా నడిచింది.

సింఫనీ కథ అంత సాఫీగా సాగలేదు. 1971లో ఆంద్రే ప్రెవిన్ నడిపిన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రవిశంకర్ మొదటి సితార్ కన్‌చెర్టో రికార్డు చేశాడు. ఖమాజ్, సింధీ భైరవి, అడాణా, మాంజ్ ఖమాజ్ అని నాలుగు రాగాల్లో నాలుగు భాగాలు. రాగం దెబ్బతినకుండా ఉండేందుకు హార్మొనీని, అంటే కార్డుల అల్లికను, బాగా తగ్గించేశాడు. దాంతో సితార్ బతికింది కానీ ఆర్కెస్ట్రాకు పని తగ్గిపోయింది. అంత పెద్ద సేన చాలాచోట్ల ఒకే వరసను కలిసి వాయించడమో, సితార్ చెప్పిందానికి బదులు పలకడమో చేస్తుంది. 1981లో జుబిన్ మెహతా, న్యూయార్క్ ఫిల్హార్మొనిక్‌లతో వచ్చిన రెండో కన్‌చెర్టో ‘రాగమాల’లో వాద్యాల రంగులు ఇంకా నేర్పుగా కలిశాయి. మూలంలోని చిక్కు మాత్రం విడిపోలేదు. హార్మొనీ ఉంటే రాగం నలుగుతుంది, లేకపోతే ఆర్కెస్ట్రా ఖాళీగా కూర్చుంటుంది.

ఆ చిక్కును చుట్టూ తిరిగి దాటిన రికార్డు 1990 నాటి ‘ప్యాసేజెస్’. అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ కుర్రతనంలో ప్యారిస్‌లో రవిశంకర్ సినిమా సంగీతాన్ని స్వరలిపిలోకి ఎక్కించే పని చేశాడు. చిన్న లయఖండాలను ఒకదానికొకటి కలుపుకుంటూ పెంచుకుపోవడం అక్కడే పట్టుబడింది. తర్వాత మినిమలిజం అని పేరుపడ్డ ఆయన సంగీతానికి అదే పునాది అయింది. ‘ప్యాసేజెస్’లో ఒకరు ఇచ్చిన వరస మీద మరొకరు సంగీతం కూర్చారు. ఇక్కడ పక్కపక్కన పెట్టింది వాద్యాలను కాదు, ఆలోచనా పద్ధతులను. అలాంటి ప్రభావం సితార్ నాదం వినపడని చోట కూడా పనిచేస్తుంది. అందుకే లోతైనది.

మీటలూ మెషీన్లూ

రవిశంకర్ అన్నగారి కొడుకు ఆనందశంకర్ వేరే దారి పట్టాడు. 1970లో అమెరికాలో చేసిన ఆల్బమ్‌లో సితార్ పక్కన మూగ్ సింథసైజర్ పెట్టి, రోలింగ్ స్టోన్స్, డోర్స్ పాటలను సితార్ మీద వాయించాడు. పండితులకు అది చిల్లరగా తోచింది. 1975 నాటి ‘డాన్సింగ్ డ్రమ్స్’ వంటి అంశాలను ఇరవై ఏళ్ల తర్వాత లండన్ డీజేలు తవ్వితీసి క్లబ్బుల్లో మోగించారు. ఆయన 1999లో చనిపోయే ముందు బ్రిటన్‌లో కొత్త తరం శ్రోతల ముందు మళ్లీ వాయించాడు. ఆనందశంకర్ రాగవిస్తారం చేస్తున్నానని ఎన్నడూ చెప్పుకోలేదు. ఊపు సంగీతానికి సితార్‌ను వాడాడు, ఆ ఊపు నిఖార్సయినది. చెప్పినది చేసినందుకు ఆయనకు మార్కులివ్వాలి.

1990ల బ్రిటన్‌లో ఎలక్ట్రానిక్ సంగీతంతో తల్విన్ సింగ్, నితిన్ సాహ్నీ తరం వచ్చింది. తల్విన్ సింగ్ ‘ఓకే’ ఆల్బమ్‌కు 1999లో మెర్క్యురీ బహుమతి దక్కింది. వలస కుటుంబాల పిల్లలు తమ ఇంటి సంగీతాన్నీ వీధి సంగీతాన్నీ వేరుచేయకుండా వినడం నేర్చుకున్నారు. సాంఘికంగా అది పెద్ద సంగతి. సితార్ వరకే చూస్తే మిశ్రమ ఫలితం. శాంప్లర్‌లోకి ఎక్కిన సితార్ ముక్క ప్రతిసారీ ఒకేలా మోగుతుంది. మీండ్ ఉంటుంది, వాయించేవాడి నిర్ణయం ఉండదు. ఈ పద్ధతి మన సినిమా స్టూడియోలకూ వచ్చింది. చెన్నై వాద్యబృందాల్లో మిట్టా జనార్దన్ వంటి వాద్యకారులు కూర్చుని పలికించిన సితార్ బిట్లు ఒకప్పుడు పాటకు ఊపిరిపోసేవి. తర్వాత చాలాచోట్ల కీబోర్డులోని సితార్ ధ్వనితో పని కానిచ్చేశారు. కీ నొక్కితే స్వరం వస్తుంది. స్వరానికి వెళ్లే దారి రాదు.

వాద్యాన్నే మార్చిన ప్రయత్నాలు ఈ బేరాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. 1967 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన కోరల్ ఎలక్ట్రిక్ సితార్ నిజానికి గిటారే. జుమ్మనే నాదం కోసం వెడల్పు బ్రిడ్జి, పక్కన పదమూడు అనునాద తీగలు అమర్చారు. మెట్లు మాత్రం గిటార్‌వి. కాబట్టి జవారీ రంగు వచ్చింది, దీర్ఘమైన మీండ్ పోయింది. దాన్ని పాప్ గిటారిస్టులు అరగంటలో పట్టుకోగలిగారు. సితార్ వాద్యకారుడు నీలాద్రి కుమార్ తయారుచేసుకున్న జితార్ సరిగ్గా దీనికి తలకిందులు. ఆయన తీగలను ఐదుకు తగ్గించి, పికప్ పెట్టి, తరఫ్ మోత వదులుకున్నాడు. డ్రమ్ముల హోరులో అనునాదం ఎలాగూ మునిగిపోతుంది. మీండ్‌ను మాత్రం కాపాడుకున్నాడు. మొదటిది బయటివాళ్లు తమ అవసరానికి చేసుకున్న సితార్, రెండోది సితార్ కుటుంబంలో పుట్టినవాడు తన అవసరానికి చేసుకున్న గిటార్. ఏది ఉంచుకోవాలో లోపలివాడికే తెలుస్తుంది.

చుట్టరికం కలిసిన చోట

నా లెక్కలో ఉత్తమ ఫలితాలు న్యూయార్క్, లండన్ల కన్నా ఇరాన్, స్పెయిన్ దారుల్లో వచ్చాయి. విలాయత్ ఖాన్ సితార్‌ను ఖయాల్ గొంతులా పాడించే గాయకీ పద్ధతికి పరాకాష్ఠ. ఫ్యూజన్ ఆయన దారి కాదు. కొడుకు షుజాత్ ఖాన్ అదే గాయకీని ఇరాన్ కమాంచే విద్వాంసుడు కైహాన్ కల్హోర్ ఎదుట కూర్చోబెట్టాడు. ‘ఘజల్’ పేరుతో వాళ్లు చేసిన కచేరీల్లో ఒకటి 2003లో ‘ది రెయిన్’గా వచ్చింది. మూడే మూడు దీర్ఘమైన అంశాలు, తబలా సందీప్ దాస్. కమాంచే విల్లుతో వాయించేది కాబట్టి స్వరాన్ని సాగదీయగలదు. సితార్ మీటు చల్లారిపోయే చోట కమాంచే అందుకుంటుంది. పర్షియన్ సంగీతంలోనూ ఆధారస్వరం ఉంది, పన్నెండు సమభాగాల్లో ఇమడని స్వరస్థానాలున్నాయి, నిదానంగా విప్పే పద్ధతి ఉంది. ఇద్దరూ ఏదీ వదులుకోనక్కరలేకపోయింది. వాయిస్తూ వాయిస్తూ షుజాత్ గొంతు కలిపినప్పుడు ఏది రాగమో, ఏది రాగం లాంటి పర్షియన్ దస్త్‌గాహో విడదీయాలనిపించదు.

సితార్ వాద్యకారిణి అనౌష్కా శంకర్ 2011లో స్పానిష్ నిర్మాత హవియేర్ లిమోన్‌తో చేసిన ‘ట్రావెలర్’ ఫ్లమెంకోతో ఇలాంటి చుట్టరికాన్నే వెతికింది. ఫ్లమెంకోలో విరివిగా వినిపించే స్వరక్రమం హిందుస్థానీ భైరవి మేళం, మన హనుమతోడి స్వరాలే. పన్నెండు మాత్రల వలయాల మీద నడిచే లయ ఏక్‌తాల్ తెలిసినవాళ్లకు కొత్త కాదు. రోమా జనం పూర్వికులు వాయవ్య భారతం నుంచి వెళ్లారన్న చరిత్ర ఆ ఆల్బమ్‌కు నేపథ్యం. చరిత్ర ఎంత అందంగా ఉన్నా సంగీతాన్ని అది నిలబెట్టదు. ఇక్కడ నిలబెట్టింది గాయకుల గొంతులోని వణుకుకూ సితార్ మీండ్‌కూ కుదిరిన లంకె. గిటార్ కార్డులు ముందుకు తోసుకొచ్చిన పాటల్లో సితార్ మళ్లీ అలంకారమైపోయింది కూడా. ఒకే ఆల్బమ్‌లో రెండూ వినవచ్చు.

2023లో మొదలైన ఆమె మూడు అధ్యాయాల వరసలోని తొలి భాగాల్లో సితార్ మరింత నెమ్మదించింది. మొదటి అధ్యాయానికి నిర్మాత పాకిస్తానీ అమెరికన్ గాయని అరూజ్ ఆఫ్తాబ్. కార్డులు తొందరగా మారని, డ్రమ్ములు తరమని యాంబియంట్ సంగీతంలో ఆలాప్‌కు కొత్త నివాసం దొరుకుతున్నదని ఇవి సూచిస్తున్నాయి. ఇక లాహోర్ సచల్ బృందం సితార్, తబలాలతో డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన ‘టేక్ ఫైవ్’ను తమ పద్ధతిలో వాయించి పేరు తెచ్చుకోవడం మరో రకం విజయం. పనిలేక మూలపడ్డ పాకిస్తాన్ సినిమా స్టూడియో వాద్యకారులకు ఆ బృందం మళ్లీ జీవనం చూపింది.

మన దగ్గరి పాఠం

తెలుగు నేల మీద సితార్ విద్వాంసులు కొద్దిమందే. దాన్ని తెలుగులో వివరించిన మంచి రచయిత మాత్రం ఒకరున్నారు. ముంబయిలో భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ సితార్ వాయించేవారు. హిందుస్థానీ సంగీతం ఎలా వినాలో మన పాఠకులకు వ్యాసాల్లో విప్పి చెప్పారు. కొత్త శ్రోతను తయారుచేసే పని ఫ్యూజన్ ఒక్కటే చేయాలని లేదని ఆ వ్యాసాలు రుజువు చేస్తాయి.

వాద్యం విషయంలో మనకున్న గట్టి ఉదాహరణ పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. ఆయన చేసింది ఎదురు దిక్కు ప్రయాణం, పడమటి వాద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తేవడం. మామూలు మాండొలిన్‌లో జంట తీగలుంటాయి, గమకం పలకడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకున్నాడు. వాద్యం గమకానికి లొంగింది కానీ గమకం వాద్యానికి లొంగలేదు. ఆ బలంతోనే తర్వాత జాన్ మెక్‌లాలిన్, జాకిర్ హుసేన్‌ల రిమెంబర్ శక్తి బృందంలో గిటార్ పక్కన నిలబడగలిగాడు. నీలాద్రి కుమార్ జితార్‌దీ ఇదే సూత్రం.

అభ్యంతరాలు ఎంతవరకు నిజం

ఛాందసుల భయం ఒకటుంది. ఫ్యూజన్ వల్ల రాగం పాడవుతుందని. అరవై ఏళ్ల అనుభవం దీన్ని బలపరచదు. మాంటెరీ తర్వాత కూడా రవిశంకర్ దర్బారీ వాయించాడు, మరో సితార్ విద్వాంసుడు నిఖిల్ బెనర్జీ కచేరీలకు పడమటి దేశాల్లో శ్రద్ధగల శ్రోతలు దొరికారు. ఆ శ్రోతల్లో చాలామంది బీటిల్స్ గుమ్మంలోంచి లోపలికి వచ్చినవాళ్లే. సంగీతం నేర్పే బళ్లు కాలిఫోర్నియాలో నిలబడ్డాయి.

ఉత్సాహవంతుల నమ్మకం మరొకటుంది. ఫ్యూజన్ విన్నవాడు నెమ్మదిగా రాగానికి వస్తాడని. ఇదీ సగమే నిజం. కొందరు వస్తారు, చాలామంది గుమ్మంలోనే ఆగిపోతారు. ఈ తరం సితార్ వాద్యకారుడు రిషభ్ రిఖీరామ్ శర్మ మానసిక ఆరోగ్యం కోసం సితార్ అనే పేరుతో పెద్ద హాళ్లు నింపుతున్నాడు, సితార్ పక్కన నిశ్శబ్దంగా కూర్చునే యువతను చూపిస్తున్నాడు. వాళ్లలో కొందరికి తర్వాతి మెట్టు చూపించే పని ఆయన ఒక్కడిది కాదు, సభలది, రేడియోది, బడిది.

అసలు ఆందోళన పడవలసింది డబ్బు దగ్గర. మీండ్ పట్టుబడాలంటే ఏళ్ల తరబడి రోజూ గంటల కొద్దీ సాధన కావాలి, వేళ్లు కోసుకుపోవాలి. దానికి గురువు, ఇల్లు గడిచే దారి ఉండాలి. ఫ్యూజన్ వేదికలకు దొరికే డబ్బులో ఎంత ఆ సాధన వైపు తిరిగి వెళుతున్నది? ఇప్పటి పేరున్న ఫ్యూజన్ సితార్ వాద్యకారులు దాదాపు అందరూ పాత పద్ధతిలో నేర్చుకుని వచ్చినవాళ్లే. వాళ్లు ఖర్చు పెడుతున్నది తాతల నాటి మూలధనం. నేరుగా ఫ్యూజన్‌లోనే పుట్టి పెరిగిన సితార్ తరం వస్తే, కలపడానికి వాళ్ల చేతిలో రంగు తప్ప ఏం మిగులుతుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఏం తేలింది

అన్నిటినీ కలిపి చూస్తే వరస స్పష్టంగా ఉంది. కార్డుల మీద పరుగెత్తే పాప్ పాటతో సితార్ కలయిక ఎక్కువగా రంగు దగ్గరే ఆగింది. సింఫనీ ఆర్కెస్ట్రా ముందు సితార్ గెలిస్తే ఆర్కెస్ట్రా ఓడింది. మోడల్ జాజ్, మినిమలిజం, పర్షియన్ సంగీతం, ఫ్లమెంకో గాత్రం, యాంబియంట్ వంటి చోట్ల కలయిక లోపలిదాకా వెళ్లింది. ఆ సంగీతాలు పాతవా కొత్తవా, తూర్పువా పడమటివా అన్నది కారణం కాదు. ఒక ఆధారస్వరాన్ని నిలకడగా ఉంచగలవా, స్వరానికీ స్వరానికీ నడుమ ఖాళీ వదలగలవా, వేచి ఉండగలవా అన్నవే కారణాలు.

అందువల్ల కొత్త రికార్డు చేతికొచ్చినప్పుడు అది సంప్రదాయమా కాదా అని వాదులాడుకోవడం మాని మూడు పనులు చేయవచ్చు. సితార్‌ను మనసులో తీసేసి ఏం పోయిందో వినాలి. ఎవరు ఎవరికి చోటిచ్చారో గమనించాలి. అట్ట మీద అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూడాలి. నిర్వాహకులు చేయవలసింది ఇంకొంచెం ఖర్చుతో కూడిన పని. కచేరీకి రెండు రోజుల ముందు విమానం దిగి, ఒక పూట రిహార్సల్‌తో వేదికెక్కే ‘కలయిక’లకు పెట్టే డబ్బును, ఇద్దరు ముగ్గురు విద్వాంసులు కొన్ని నెలలు కలిసి కూర్చుని ఒకరి శ్రుతిని ఒకరు నేర్చుకోవడానికి పెట్టాలి. షుజాత్, కల్హోర్‌ల సంగీతం ఒక్క సాయంత్రంలో తయారైనది కాదు. సితార్‌తో ఏం కలిపినా తప్పు లేదు, కలపడానికి పట్టే కాలాన్ని ఇవ్వకపోవడమే తప్పు.